గొంతులో టెంక

1989 ఆగస్టు 26, శనివారం. ఉదయం తొమ్మిదింటికి బర్నబాస్ పశువుల ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డాడు. నగరం అనే ఊరికి అవతల కొత్తపాలెం అతనిది. పొలం లేదు. ఒక గేదె ఉంది. ఎనిమిదో నెల చూడి.

"గొంతులో టెంక పడ్డట్టుందండి డాక్టరు గారూ. రాత్రి నుంచి చొంగ కారుస్తా ఉంది. గడ్డి ముట్టట్లేదు."

రాజారత్నం డాక్టరు కాడు. డాక్టరు కింద పనిచేసే లైవ్‌స్టాక్ అసిస్టెంటు. డాక్టరు సుందరయ్య రేపల్లెలో ఉంటాడు. అయినా చుట్టుపక్కల నాలుగు ఊళ్లవాళ్లు రాజారత్నాన్నే డాక్టరు గారూ అంటారు. దానికి కారణం టెంకలు. ఆ ఊళ్లలో గట్ల మీదంతా తాటిచెట్లే. ఆగస్టులో పళ్లు రాలతాయి. గేదెలు పండు చీకుతూ టెంక మింగబోతాయి, అది గొంతులో అడ్డం పడుతుంది. తొమ్మిదేళ్లలో రాజారత్నం చెయ్యి పెట్టి పదిహేడు టెంకలు తీశాడు.

సైకిలు తీసుకుని వెంటనే బయలుదేరాడు.

గేదె పాకలో మెడ చాచి నిలబడి ఉంది. మూతి నుంచి చొంగ తీగలా కారుతోంది. మింగబోతోంది, మింగలేకపోతోంది. పాక వెనక తాటిపళ్లు పడి ఉన్నాయి. రాజారత్నం వాటిని చూశాడు. ఇంకేమీ అడగలేదు.

"బావా, ముకుతాడు బిగించి పట్టుకో. అక్కా, నువ్వు నాలుక పక్కకి లాగి పట్టు. వదిలావంటే నా చెయ్యి నవిలేస్తది."

బర్నబాస్ భార్య దానమ్మ గేదె నాలుకను రెండు చేతులతో లాగి పట్టింది. రాజారత్నం మోచేతి వరకు చెయ్యి పెట్టాడు. వేళ్లతో గొంతంతా వెతికాడు. టెంక తగల్లేదు. గేదె తల విదిల్చింది. దాని దవడ పళ్లు అతని ముంజేతిని గీరాయి. దానమ్మ వేళ్ల మీద చర్మం లేచింది.

"లోపలికి దిగిపోయుంటది. ఆముదం పట్టండి," అన్నాడు.

ఇద్దరూ బోరింగు దగ్గర చేతులు కడుక్కున్నారు. నీళ్లతోనే.

"పద్దెనిమిదోది దొరకలేదే డాక్టరు గారికి," అని దానమ్మ నవ్వింది.

మర్నాడు గుడి గంట మోగకముందే బర్నబాస్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అది గేదెలా అరవట్లేదండి. రాట వంగిపోయేట్టు పొడుస్తంది."

అరుపు కొత్తపాలెం కాలవ దగ్గరే రాజారత్నానికి వినిపించింది. బొంగురుగా ఉంది. మొదలై మధ్యలో తెగిపోతోంది. అతను సైకిలు దిగి నిలబడ్డాడు. అలాంటి అరుపు ట్రైనింగులో ఒకసారి విన్నాడు. కాసేపటికి నడిచాడు. దడి అవతలే ఆగాడు. గేదె వెనక కాళ్లు తూలుతున్నాయి. కళ్లు ఎర్రబడ్డాయి.

"దాని దగ్గరికి వెళ్లొద్దు. ఎవరూ వెళ్లొద్దు," అన్నాడు. "ఈమధ్య కుక్కేమన్నా కరిచిందా దీన్ని?"

మొగుడూ పెళ్లాం ఒకరినొకరు చూసుకున్నారు.

"నెల కిందట నల్లకుక్కొకటి పాకలో దూరిందండి," అన్నాడు బర్నబాస్. "మూతి మీద గీరింది. సున్నం, పసుపు పెట్టాను. మానిపోయింది."

"నిన్న చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదండీ," అంది దానమ్మ.

అతను అడగలేదు. తొమ్మిదేళ్లుగా టెంకల రోజుల్లో ఆ మాట ఎవరినీ అడగలేదు.

రేపల్లెలో డాక్టరు సుందరయ్య అంతా విని కుర్చీలోంచి లేచాడు.

"చెయ్యి పెట్టావా?"

"పెట్టానండి."

"గీరుకుందా?"

రాజారత్నం ముంజెయ్యి చూపించాడు.

"సబ్బుతో కడిగావా?"

"నీళ్లతోనే కడిగానండి."

"ఇంకెవరు తాకారు?"

"దానమ్మ నాలుక పట్టుకుందండి. నేనే పట్టుకోమన్నాను. వేళ్లు దోక్కుపోయాయి."

డాక్టరు వెంటనే సబ్బు తెప్పించి అతని చెయ్యి దగ్గరుండి పావుగంట కడిగించాడు. "పిచ్చిగేదె చొంగా పిచ్చికుక్క చొంగా ఒకటేనయ్యా. ఇవాళే మొదలుపెట్టాలి. మందు తెనాలి పెద్దాసుపత్రిలో ఉంటుంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు. రోజుకొకటి. ఒక్కటి కూడా తప్పకూడదు. జబ్బు బయటపడ్డాక ఎవరూ ఏమీ చెయ్యలేరు. నీకు నేను చెప్పాలా?"

దానమ్మకు మాత్రం రాజారత్నం అలా చెప్పలేదు. "ఊరికే జాగ్రత్తకి, అక్కా. సూదులు వేయించుకుంటే మంచిది," అన్నాడు. ఆమెను భయపెట్టకూడదనుకున్నాడు. తన తప్పు చిన్నదిగా కనపడాలని కూడా అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే రేపల్లెలో ప్యాసింజరు ఎక్కారు. తెనాలిలో ఇద్దరికీ మొదటి సూది పడింది. అప్పటి నుంచి రోజూ అదే బండి. మంగళవారం గేదె చచ్చిపోయింది. లోతుగా గొయ్యి తీయించి, సున్నం పోసి పూడ్పించారు. దానమ్మ ఆ రోజు బండిలో ఒక్క మాటే మాట్లాడింది.

"రెండు నెలలాగితే దూడ ఉండేదండి."

మూడో సూదినాడు నర్సుతో ఆమె అంది, "ఈ పొట్ట నలుగురు పిల్లల్ని మోసిందమ్మా. దీన్ని గుండుసూదుల దిండు చేశారు." వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. రాజారత్నం నవ్వలేకపోయాడు. మర్నాడు బండి వేమూరు దాటాక కిటికీలోంచి గాలి మొహానికి కొట్టింది. గొంతు బిగిసినట్టయింది. ఈ జబ్బొస్తే గాలికి కూడా గొంతు పట్టేస్తుందని అతను చదువుకున్నాడు. ఉమ్మి మింగాడు. మళ్లీ మింగాడు. తెనాలి వచ్చేదాకా మింగుతూనే ఉన్నాడు.

ఇంట్లో తన గ్లాసు వేరుగా పెట్టుకున్నాడు. లేవగానే దాన్నిండా నీళ్లు పోసుకుని ఎదురుగా కూర్చునేవాడు. తాగాక కాసేపు ఆగి గొంతు తడిమి చూసుకునేవాడు. భార్య విజయమ్మ రెండు రోజులు గమనించి ఊరుకుంది. మూడో రోజు అతను తాగినంతసేపూ తలుపు పట్టుకుని నిలబడింది.

ఎనిమిదో రోజు దానమ్మ స్టేషనుకు రాలేదు. బండి కదిలింది. రాజారత్నం ఎక్కలేదు. బస్సు దిగి కొత్తపాలెం చేరేసరికి పదిన్నరయింది. దానమ్మ మంచం మీద ఉంది. పొట్ట వాచింది. ఒళ్లు వెచ్చగా ఉంది.

"ఏడు చాలండి," అన్నాడు బర్నబాస్. "ఆ సూదులకి కాళ్లు పడిపోతాయంట కదండీ. నగరంలో ఎవరికో పడిపోయాయంట. కూలికెళ్లే మనిషండి తను."

"వేయించుకోకపోతే కాళ్లతో పోదు, బావా."

"ఊరికే జాగ్రత్తకన్నారు కదండీ మీరు?" అంది దానమ్మ.

రాజారత్నం గుమ్మంలోనే నేల మీద కూర్చున్నాడు.

"అబద్ధం చెప్పాను. ఊరికే కాదు. ఆ గేదె పిచ్చికుక్క కాటుతో పోయింది. కుక్క సంగతి నేను ముందు అడిగుండాలి. టెంకనుకున్నాను. నాలుక పట్టుకోమని నేనే చెప్పాను. నీ వేళ్లలోకి ఏం వెళ్లిందో నా చేతిలోకీ అదే వెళ్లింది. కాళ్లు పడిపోవడం ఎప్పుడో ఒకరికి జరిగితే జరగొచ్చు. ఇదొస్తే మటుకు ఒక్కరూ బతకరు." చొక్కా ఎత్తి పొట్ట చూపించాడు. బొడ్డుకు రెండు పక్కలా ఏడు గడ్డలు ఉన్నాయి. "నాకు భయంగా ఉంది, అక్కా. నిద్ర పట్టడం లేదు."

బర్నబాస్ రాట పట్టుకుని నిలబడిపోయాడు. దానమ్మ చాలాసేపు తన వేళ్లు చూసుకుంది. దోక్కుపోయిన చోట పొక్కు కట్టి రాలిపోయింది.

"అది వస్తే ఎట్టా తెలుస్తదండి?"

"నీళ్లు మింగుడు పడవు. నీళ్లు చూస్తేనే గొంతు పట్టేస్తుంది."

"మీరివాళ తాగారా?"

"తాగాను."

"అయితే నాకూ ఇవ్వు," అని మొగుడి వైపు చెయ్యి చాపింది. చెంబెడు నీళ్లు తాగింది. మగవాళ్లిద్దరూ ఆమె గొంతు వైపే చూశారు. ఆమె కూడా చెంబు దించి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. తర్వాత చీర సర్దుకుని లేచింది. "తర్వాత బండి ఎన్నింటికి?"

సెప్టెంబరు 9న పద్నాలుగోది పడింది. "మూడు నెలలు దాటితే చాలావరకు గట్టెక్కినట్టే," అన్నాడు సుందరయ్య. "చాలావరకు అంటున్నాను. పూర్తిగా ఏడాది."

ఆ నల్లకుక్క ఇంకెక్కడ తిరిగిందో రాజారత్నం నాలుగు ఊళ్లూ తిరిగి వాకబు చేశాడు. మరో రెండు గేదెల్ని కరిచిందని తేలింది. సుందరయ్య వాటికి సూదులు వేశాడు. దసరాలోపు ఊరి కుక్కలకు టీకాలు మొదలయ్యాయి. రాజారత్నం సంచిలోకి చేతి రబ్బరు తొడుగులు వచ్చాయి. చొంగ కారుస్తోందని ఎవరొచ్చినా అతను మొదట కుక్క సంగతే అడుగుతున్నాడు. టెంక సంగతి తర్వాత.

ఇంకో అలవాటు కూడా మొదలైంది. రోజూ ఉదయం ఆరున్నరకు అతను కొత్తపాలెం మీదుగా సైకిలు మీద వెళ్లేవాడు. ఆ వేళకు దానమ్మ గుమ్మంలో చెంబుతో నిలబడేది. అతను ఒక కాలు నేలకు ఆనించి ఆగేవాడు. ఆమె తాగేది. అతను గుక్కలు లెక్కపెట్టేవాడు. మూడు గుక్కలు దిగితే తొక్కుకుంటూ వెళ్లిపోయేవాడు. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నవంబరు 14 ఎనభయ్యో రోజు. గుమ్మంలో దానమ్మ లేదు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. బర్నబాస్ కోతలకు వెళ్లే రోజులు. రాజారత్నం సైకిలు దిగాడు. అక్కా అని పిలవాలనుకున్నాడు. లోపలి నుంచి ఆ గేదె అరుపులాంటిది వినిపిస్తుందేమోనని పిలవలేదు. దడి దాకా నడిచాడు. ఆ రోజు నిలబడ్డ చోటే మళ్లీ నిలబడ్డాడు. పాక ఖాళీగా ఉంది. ఎక్కడా చప్పుడు లేదు.

ఇంటి వెనక బోరింగు చప్పుడైంది. నాలుగుసార్లు కొట్టి ఆగింది. బిందె చంకన పెట్టుకుని దానమ్మ ఇంటి పక్కనుంచి వచ్చింది.

"ఏంటి డాక్టరు గారూ, అట్టా నిలబడిపోయారు? మొహమంతా చెమట పట్టింది."

"నీళ్లు తాగావా?"

"బిందెలో చుక్క లేదండి. అందుకే వెళ్లా." బిందె దింపింది. ఇంట్లోకి వెళ్లి చెంబు తెచ్చి ముంచింది. తాగబోయి ఆగి అతని వైపు చూసింది. "మీరు తాగారా ఇవాళ?"

ఆ ఉదయం అతను గ్లాసు ముందు కూర్చున్నాడు కానీ తాగకుండానే లేచి వచ్చేశాడు. గొంతు గరగరలాడుతోంది. జలుబు అయ్యుండొచ్చు.

దానమ్మ చెంబు అతని చేతికిచ్చింది. "ముందు మీరు తాగండి. రోజూ నావే లెక్కపెడుతున్నారు."

అతను చెంబులోని నీళ్లు చూశాడు. పెదాల దగ్గరికి తెచ్చుకున్నాడు. కళ్లు మూసుకుని మింగాడు.

"ఒకటి," అంది దానమ్మ.