పానా పట్టిన తాబేలు

రిటైరైన నర్సమ్మకు ఈ బొమ్మల పిచ్చి ఎలా పట్టుకుందో ఆమె కూతురికి ఇప్పటికీ అంతుపట్టలేదు. బతుకంతా కాన్పుల వార్డులో గడిపిన మనిషి, ఇప్పుడు అరచేతిలో ఇమిడే బొమ్మలను అద్దాల బీరువాలో నిలబెట్టి, మెత్తటి బ్రష్షుతో వాటి చెవుల్లో దుమ్ము దులుపుతూ కూర్చుంటోంది. అన్నీ ఏదో ఒక పనిచేసే జంతువులే. రొట్టెలు కాల్చే ఎలుగుబంటి, కుట్టుమిషను మీదికి వంగిన కొంగ, బస్సు తోలే ఏనుగు. ఒక్క తాబేలు మాత్రం చిక్కకుండా ఆమెను ముప్పుతిప్పలు పెడుతోంది. బొమ్మల కంపెనీ వాటిని బహు కొద్దిగా చేసింది. పైగా పెట్టెలన్నీ ఒకేలా ఉంటాయి, విప్పేదాకా లోపల ఏముందో తెలియదు.

ఆఖరి పెట్టెలు వచ్చాయనీ, మనిషికి ఒక్కటే ఇస్తామనీ దుకాణంవాళ్లు చెప్పేసరికి, ఆమె అల్లుణ్ణి వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్లి వరసలో నిలబడింది. అల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు.

"మావాళ్లెవరైనా చూస్తే నా పరువు గంగలో కలుస్తుంది అత్తయ్యా," అన్నాడతను, టోపీ కళ్లమీదికి లాక్కుంటూ.

"కాస్త ఓపిక పట్టండి అల్లుడుగారూ. పెట్టె తీసుకుని నా చేతిలో పెడితే మీ పని అయిపోయినట్టే."

ఇద్దరూ అల్లుడి వ్యానులో కూర్చుని పెట్టెలు విప్పారు. ఆమెకు మళ్లీ ఏనుగే వచ్చింది. ఉసూరుమంటూ పక్కకి చూసేసరికి అల్లుడి చేతిలో తాబేలు ఉంది. నీలం చొక్కా, డిప్ప మీద పనిముట్ల సంచి, చేతిలో పానా.

"ఇలా ఇవ్వండి," అని చెయ్యి చాపిందామె. అతను ఇవ్వలేదు.

"దీని మోచేతి మీద గ్రీజు మరక చూశారా," అన్నాడు మెల్లగా. "లిఫ్టు ఆగిపోతే తప్ప మేమున్నామని ఎవరికీ గుర్తుండదు. అలాంటిది, ఎవరో కూర్చుని మా బొమ్మ చేశారు. ఇది నేనుంచుకుంటానత్తయ్యా."

ఆమె మనసు చివుక్కుమంది. దాని కోసం ఎన్ని దుకాణాలు కాళ్లరిగేలా తిరిగిందో ఆమెకే తెలుసు. దారిలో కూతురింట దిగి జరిగింది చెప్పింది. సంగతి విన్న కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది.

"మీ ఇద్దరిలో ఎవరు చిన్నపిల్లలో ముందు తేల్చుకోండమ్మా. పంచాయితీ తర్వాత చేస్తాను."

మర్నాడు అల్లుడే అత్తగారింటికి వచ్చాడు. గుడ్డలో చుట్టి తెచ్చిన తాబేలును బల్లమీద పెట్టి, "మీరు ఎన్నాళ్లుగానో వెతుకుతున్నారట. మీ అమ్మాయి చెప్పింది. నాకు తెలియక పట్టుబట్టాను," అన్నాడు. ఆమె దాన్ని బీరువాలో, ఖాళీగా ఉంచిన చోట నిలబెట్టింది.

ఆ తర్వాతే మొదలైంది అసలు తమాషా. కూతురు పోరుపెడితే తప్ప గడప తొక్కని అల్లుడు, బీరువా తలుపు కిర్రుమంటోందని నూనె డబ్బాతో వచ్చాడు. మరోసారి, లోపల చీకటిగా ఉందని చిన్న దీపాలు బిగించాడు. ఇంకోసారి చేతిలో ఏమీ లేదు, ఇటుగా పోతూ వచ్చానన్నాడు. కళ్లు మాత్రం తాబేలు మీదే ఉన్నాయి. ఆమె నవ్వాపుకుని టీ పెట్టింది.

"ఈ కొంగ ఎక్కడ దొరికింది అత్తయ్యా?" అని అడిగాడతను.

అంతవరకూ ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, వానలో తడుస్తూ వెళ్లి కొంగను తెచ్చుకున్న కథ ఎత్తుకుంది. టీ చల్లారిపోయినా ఇద్దరికీ పట్టలేదు. అతను లేచి వెళ్లబోతుంటే, తాబేలును తీసి అతని చొక్కా జేబులో పెట్టింది.

"పనికి తీసుకెళ్లండి. మీవాళ్లకి చూపించండి. ఆదివారం మాత్రం చూడ్డానికి తీసుకురండి."

"మరి బీరువాలో ఖాళీ?"

"ఉండనివ్వండి. మీరొస్తారుగా."

ఎండలు తగ్గేసరికి కొత్త వరస బొమ్మలు వచ్చాయి. ఆ కబురు ఆమెకంటే ముందు అతనికే తెలిసింది. పొద్దున్నే వచ్చి హారను కొట్టాడు. వ్యానులో ఆమె కోసం మడత కుర్చీ, ఫ్లాస్కు నిండా టీ, వెనక సీట్లో ఆవులిస్తూ కూతురు.

"నువ్వెందుకే?" అందామె.

"మూడో పెట్టె కోసమటమ్మా. నిద్రలోంచి లాక్కొచ్చారు."

మధ్యాహ్నానికి దుకాణం మెట్ల మీదే కూర్చుని ముగ్గురూ పెట్టెలు విప్పారు. ముగ్గురికీ ఉత్తరాలు పంచే కుందేలే వచ్చింది. ముందు కూతురు నవ్వింది, ఆ తర్వాత ఎవరు ఎవరిని ఆపాలో తెలియలేదు.