తోక తెగిన చప్పుడు

ఆ పింగాణీ ఫ్యాక్టరీలో కప్పు పుట్టి పెరిగి బయటి లోకం చూడాలంటే పన్నెండు చేతులు దాటాలి. పదకొండో చెయ్యి టంగక్కది. బట్టీలోంచి వచ్చిన కప్పుని ఎడమచేతి మూడు వేళ్ళ మీద నిలబెట్టి, జానెడు కర్రపుల్లతో అంచు మీద చిన్నగా కొడుతుంది. టంగుమంటే కుడిపక్క ట్రేలోకి, టప్పుమంటే ఎడమపక్క గంపలోకి. కంటికి కనపడని వెంట్రుకంత పగులైనా ఆ పుల్లకి దొరికిపోవాల్సిందే. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే స్టూలు, అదే పుల్ల. అసలు పేరు హాజరుపట్టీలో ఉందేమో గానీ ఆమె కూడా దాన్ని పిలిస్తే పలికే పేరుగా ఎప్పుడూ అనుకోలేదు.

ఆమె చెవుల గురించి చెప్పుకునేవి వింటే ఎవరి చెవుల మీద వాళ్ళకే విరక్తి పుట్టేది. ఒకసారి పక్కగదిలో పళ్ళెం జారి పడితే తల కూడా తిప్పకుండా, "ఏడు ముక్కలు. ఆరే ఏరుకున్నారు. ఏడోది బీరువా కిందకి పోయింది, చూసుకోండి" అందట. చీపురు పెట్టి లాగితే వచ్చిందట. కప్పు కొట్టి చూసి, ఆ మట్టి పిసికినవాడు పొద్దున పెళ్ళాంతో తగువు పడి వచ్చాడో లేదో చెప్పేదట. ఒకడి సంగతి నిజంగానే చెప్పింది. మర్నాటి నుంచీ వాడు వెనక గేటు నుంచే పనిలోకి వచ్చేవాడు. ఇందులో సగం నిజం. ఏ సగమో అడక్కూడదు.

ఇంత చెవి ఎలా వచ్చిందని అడిగితే ఆమె ఒకటే చెప్పేది.

"చప్పుడుకి తలా ఉంటుంది, తోకా ఉంటుంది. తల అందరికీ వినపడుద్ది. తోకని పట్టుకోవాలి. మంచి కప్పుకి తోక సన్నగా సాగి సాగి పోతుంది. పగిలినదానికి తోక తెగిపోయి ఉంటుంది. అంతే, ఇందులో మంత్రమేముంది?"

ఆ తోకలు ఎప్పుడు పోయాయో ఆమెకే తెలియలేదు. వంటింటి కుళాయి చుక్కలు కారడం మానేసింది, పీడా పోయిందనుకుంది. సంచిలో ఫోను మోగడం మానేసింది, ఎవరూ తలుచుకోవట్లేదనుకుంది. కిటికీ దగ్గర పిట్టలు అరవడం మానేశాయి, వేరే వీధికి కాపురం మార్చాయనుకుంది. మనుషులు మాత్రం ఉన్నట్టుండి గొణగడం మొదలుపెట్టారు. "ఏం తింటున్నారో ఏమో, ఒక్కరికీ గొంతు పెగలట్లేదు" అని విసుక్కునేది.

ఇంట్లో అయితే ఏ లోటూ తెలియలేదు. ఆమె మొగుడు సిటీ బస్సు డ్రైవరు. ముప్పై ఏళ్ళు ఇంజను మీదుగా మాట్లాడి మాట్లాడి ఆయన గొంతు అక్కడే స్థిరపడిపోయింది. ఆయన మంచినీళ్ళు అడిగితే పక్కింటివాళ్ళు కూడా గ్లాసు తెచ్చేవాళ్ళు.

ఫ్యాక్టరీలో ఎదురు బల్ల దగ్గర కాగితాల చెల్లి ఉండేది. టంగక్క పాస్ చేసిన కప్పుల్ని కాగితంలో చుట్టి పెట్టెల్లో సర్దడం ఆమె పని. చేతులు కప్పులు చుడుతుంటే నోరు ఊరంతా చుట్టి వచ్చేది. టంగక్క ఆ మాటల్ని సగం పెదాల మీద నుంచి, సగం ఊహలోంచి లాక్కునేది. ఊహకి అందకపోతే నవ్వేది. నవ్వు ఏ మాటకైనా అతుకుతుంది, చావు కబురుకి తప్ప. అదీ ఒకసారి అయింది.

ఇలా నడుస్తుండగా కాగితాల చెల్లి కూతురి పురుడని నెల రోజులు సెలవు పెట్టింది. ఆమె చోట గోదాములోంచి ఒకతన్ని తెచ్చి కూర్చోబెట్టారు. మొదటి వారంలో వెళ్ళిన సరుకులోంచి రెండు పెట్టెలు తిరిగొచ్చాయి. వేడి టీ పోస్తే కప్పుల అడుగున చెమట పట్టిందట, కాసేపటికి సాసర్లో చెరువు కట్టిందట. సూపర్వైజరు ఒక కప్పు పట్టుకుని వచ్చి టంగక్క ముందు నిలబడ్డాడు. ఆమెకంటే పదేళ్ళు చిన్నవాడు, మర్యాదస్తుడు.

"అక్కా, ముప్పై రెండు కప్పులు కారాయంట."

"లారీవాడు గుంతల్లో దూకించి ఉంటాడు."

"ఇవి దారిలో పడ్డ పగుళ్ళు కాదక్కా. బట్టీలో పడ్డవి."

"అయితే పుల్ల పాతబడింది. ఎన్నేళ్ళ పుల్లనుకుంటున్నావు? దానికీ వయసు రాదా?"

పుల్ల మార్చారు. వారం తిరక్కుండా ఇంకో పెట్టె వెనక్కి వచ్చింది. ఈసారి సూపర్వైజరు కూర్చుని మాట్లాడాడు. నిలబడి చెప్పే మాట కాదన్నమాట. ఆమె అర్థం కాలేదన్నట్టు చూస్తే ప్రతి ముక్కా రెండుసార్లు చెప్పాడు.

"వచ్చే నెల మొదటి సోమవారం వంద కప్పులు పెడతానక్కా. పది పగిలినవి కలుపుతాను. ఏరితే స్టూలు మీదే, ఇంక నేను నోరెత్తను. లేదంటే మూతలు సర్దే పనుంది. అది కూడా కూర్చుని చేసేదే."

మూతలు సర్దడం అంటే ఆ ఫ్యాక్టరీలో ఇంకే పనీ చేతకానివాళ్ళకి ఇచ్చేది. టంగక్క పుల్ల అందుకుంది. ఆ పూట నాలుగు వందల కప్పులు కొట్టింది. అన్నీ మంచివే అనిపించాయి. అక్కడే మొదటిసారి కాస్త భయమేసింది. నాలుగు వందల్లో ఒక్కటి కూడా పగలని రోజు ఇరవై ఎనిమిదేళ్ళలో లేదు.

మర్నాడు కాగితాల చెల్లి సెలవు ముగించుకుని వచ్చింది. సంగతంతా తెలుసుకుని, తన బల్ల కింద నుంచి ఒక పెద్ద అట్టపెట్టె బయటకి లాగింది. నిండా కాగితాల్లో చుట్టిన కప్పులు.

"ఏంటే ఇవి?"

"నువ్వు పాస్ చేసినవే అక్కా. ఎనిమిది నెలలవి. చుట్టేటప్పుడు నా ఉంగరం తగిలి టప్పుమంటే తీసి ఇందులో పడేశాను."

"ఎనిమిది నెలలా! మరి నాకు చెప్పి ఏడవచ్చు కదే?"

"మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ నవ్వావు."

టంగక్క అందులోంచి ఒక కప్పు తీసి కొట్టింది. ట్రేలోంచి ఒక మంచి కప్పు తీసి కొట్టింది. రెండూ అన్నదమ్ముల్లా ఒకేలా పలికాయి. నమ్మకం కుదరక రెండింటిలోనూ వేడి టీ పోయించింది. మంచిది మంచిగానే ఉంది. రెండోదాని ఒంటి మీద గోధుమరంగు గీత ఒకటి మెల్లగా పైకి పాకి వచ్చింది. ఆ గీతని చూస్తూ టీ రెండూ ఆమే తాగేసింది. సాయంత్రందాకా కాగితాల చెల్లితో మాట్లాడలేదు. కోపం చెల్లి మీద కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ శనివారం మొగుణ్ణి వెంటబెట్టుకుని చెవుల క్లినిక్కి వెళ్ళింది. చేతిసంచిలో ఒక మంచి కప్పూ, ఒక పగిలిన కప్పూ పెట్టుకుంది. ఇంట్లో నుంచి బయల్దేరేటప్పుడే గట్టిగా అనుకుంది, పరీక్షలో నెగ్గి తీరాలని. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, చేతికి ఒక మీట ఇచ్చారు. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలి. అద్దానికి అవతల పరీక్ష చేసే అమ్మాయి. మొదట్లో రెండు మూడు బాగానే వినపడ్డాయి, తర్వాత ఏమీ లేదు. కానీ ఇరవై ఎనిమిదేళ్ళు చేతుల పని చేసిన మనిషికి ఇంకొకరి చేతులు చదవడం ఎంతసేపు? ఆ అమ్మాయి కుడిభుజం ప్రతిసారీ అంగుళం లేస్తోంది. భుజం లేచినప్పుడల్లా టంగక్క మీట నొక్కింది. తడబాటు లేదు, ఆలస్యం లేదు. పదహారేళ్ళ పిల్లకి కూడా అన్ని మార్కులు రావు.

అమ్మాయి తలుపు తీసుకుని లోపలికి వచ్చింది.

"అమ్మా, చివరి అయిదుసార్లూ నేనేం చప్పుడు పెట్టలేదు."

"మరి?"

"భుజం దురద పెడితే గోక్కున్నాను."

టంగక్క ఆమె వంక చూసింది. తర్వాత పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ అమ్మాయీ నవ్వింది. నవ్వడం అయ్యాక అమ్మాయి కుర్చీ అటు తిప్పుకుని, వీపు చూపిస్తూ పరీక్ష మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. ఈసారి మీట చాలావరకు నొక్కకుండానే ఉండిపోయింది.

కాగితం మీద గీత వచ్చింది. కొంతదూరం బల్లపరుపుగా నడిచి, ఆ తర్వాత మెట్లు దిగినట్టు కిందకి పోయింది. "లావు శబ్దాలు బాగానే వినపడుతున్నాయమ్మా. సన్నవి పోయాయి. ఎడమచెవిలో ఎక్కువ. మీరు పనిచేసే చోట ఎడమపక్క ఏముంటుంది?"

ఎడమపక్క కప్పులు ఆరబెట్టే గాలిమిషను ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా హోరుమంటూనే ఉంది.

"చెవి మిషన్లు పెట్టుకుంటే ఉపయోగం ఉంటుంది" అంది అమ్మాయి.

"వద్దులే తల్లీ. చెవిలో మిషను పెట్టుకున్నదానికి చెవి పని ఎవరిస్తారు?"

"కళ్ళజోడున్న డ్రైవరుకి బస్సు ఇవ్వట్లేదా?"

"నాకిచ్చారు!" అన్నాడు మొగుడు బయట బెంచీ మీద నుంచి. వరండాలో ఉన్నవాళ్ళంతా ఆయన కళ్ళజోడు వంక చూశారు.

ఆ మాటకి టంగక్క లొంగలేదు. బస్సు వేరు, కప్పు వేరు. కానీ అమ్మాయి, చూడ్డానికేముంది అంటూ చిక్కుడుగింజంత మిషన్లు రెండు ఆమె చెవుల వెనక తగిలించేసింది. టంగక్క సంచిలోంచి మంచి కప్పు తీసి, బల్ల మీదున్న పెన్నుతో అంచు మీద కొట్టింది. చప్పుడు వచ్చింది, దాని వెనక ఇంకేదో కూడా వచ్చింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ వచ్చింది. పగిలినదాన్ని కొట్టింది. అందులో అది తక్కువగా ఉన్నట్టుంది, లేనట్టూ ఉంది.

"ఎలా ఉందమ్మా?"

"తోక ఉంది. మా కప్పు తోక కాదిది, రేకుడబ్బాకి కట్టిన తోకలా ఉంది." ఇంకో నాలుగుసార్లు కొట్టింది. "అయినా ఉంది. లేనిదాన్ని నేర్చుకోలేను గానీ, ఉన్నదాన్ని నేర్చుకోగలను. పెట్టు, రెండు చెవులకీ పెట్టు."

"బాగుందా?" అన్నాడు మొగుడు లోపలికి వచ్చి. టంగక్క కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఏవండీ, మీరు ఇన్నాళ్ళూ ఇలాగే అరుస్తున్నారా?"

"నీకోసమే కదే!"

ఆ తర్వాతి రోజులు అంత సాఫీగా పోలేదు. కాగితం నలిగితే మంటలంటుకున్నట్టు ఉండేది. తన చెప్పులు తననే తరుముతున్నట్టు ఉండేది. కుళాయి మళ్ళీ కారడం మొదలుపెట్టింది. గొంతు తగ్గించమని మొగుణ్ణి అడిగితే, ముప్పై ఏళ్ళుగా వాడని గొంతు కావడంతో వెతికి వెతికి తీశాడు, ఈల వచ్చింది. రెండుసార్లు క్లినిక్కి వెళ్ళి మిషన్లు సరిచేయించుకుంది. ఫ్యాక్టరీలో జుట్టు చెవుల మీదకి దువ్వుకుని కూర్చునేది. భోజనాల వేళ కాగితాల చెల్లి మంచివీ పగిలినవీ కలిపి ఇచ్చేది. మొదటి రోజు పదింట్లో ఆరు దొరికాయి. వారానికి ఏడు. పరీక్షకి ముందు శనివారం ఎనిమిది.

"ఎల్లుండికి పది ఎలా అవుతాయే?" అంది టంగక్క.

"కావు" అంది కాగితాల చెల్లి. అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి.

సోమవారం సూపర్వైజరు వంద కప్పులు తెచ్చాడు. ప్రతి కప్పు అడుగునా నంబరు చీటీ, పగిలినవాటి నంబర్లు అతని జేబులో. బట్టీవాళ్ళూ రంగులవాళ్ళూ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. టంగక్క స్టూలు ఎక్కబోయి ఆగింది.

"ఈ బల్ల తిప్పండి."

"ఎందుకక్కా?"

"గాలిమిషను నా వీపు వైపు ఉండాలి. ఈ చెవి మిషన్లు ముందున్నదాన్ని ఎక్కువ పట్టుకుంటాయి." అంటూ జుట్టంతా ఎత్తి ముడేసుకుంది. చెవుల వెనక రెండు గింజలూ అందరికీ కనపడ్డాయి. ఎవరో ఏదో గుసగుసలాడారు. "వినపడింది. పని చూడండి" అంది. నిజానికి గుసగుస ఉందని తెలిసింది గానీ మాట తెలియలేదు. అంతా మాత్రం నోరు మూసుకున్నారు.

నలుగురు పట్టి బల్ల తిప్పారు. కొట్టడం మొదలైంది. కుడికి, కుడికి, ఎడమకి, కుడికి. ముప్పయ్యో కప్పు దగ్గర చెయ్యి ఆగింది. మూడుసార్లు కొట్టి, దాన్ని కుడికీ పెట్టలేదు, ఎడమకీ పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకుంది. అలా ఇంకో రెండు ఒళ్ళోకి చేరాయి. గంట పట్టింది. పూర్వం అయితే పావుగంట పని.

"ఒళ్ళో పెట్టుకున్నారేంటక్కా?"

"ఇవి నాకు తెలీదు."

ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ బల్ల దగ్గర ఆ మాట ఎవరూ వినలేదు. బట్టీవాడొకడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. సూపర్వైజరు జేబులోంచి చీటీ తీసి లెక్క చూశాడు. గంపలో తొమ్మిది, తొమ్మిదీ పగిలినవే. ట్రేలో ఎనభై ఎనిమిది, అన్నీ మంచివే. పదోది ఒళ్ళో ఉంది, రెండు మంచివాటి మధ్య.

అతను చీటీ మడతపెట్టాడు, మళ్ళీ విప్పాడు. "పది ఏరమన్నాను. తొమ్మిదే ఏరారు."

"అవును."

"కానీ ట్రేలోకి ఒక్కటీ జారలేదు."

"అదీ అవును."

కాగితాల చెల్లి లేచి వచ్చి, టంగక్క ఒళ్ళోంచి మూడు కప్పులూ తీసుకుని ఉంగరంతో ఒక్కోటి తట్టింది. రెండోదాన్ని గంపలో వేసి తన బల్ల దగ్గరకి వెళ్ళిపోయింది. ఎవరినీ ఏమీ అడగలేదు.

సూపర్వైజరు కాసేపు ఆ గంప వంక, ఆ ట్రే వంక చూశాడు. ఒకావిడ స్టూలు కోసం పెట్టిన పరీక్షలో ఇద్దరు ఆడవాళ్ళు పాసైతే ఏం చేయాలో అతని చీటీలో రాసి లేదు.

"సరే" అన్నాడు చివరికి. "బల్ల ఇలాగే ఉంచండి. మధ్యలో ఇంకో ట్రే చేయించమని వడ్రంగికి చెప్తాను. తెలియనివి అందులో పెట్టండి, చెల్లి చూసుకుంటుంది. ఎంత పెద్దది చేయించమంటారు?"

టంగక్క పుల్ల చేతిలోకి తీసుకుంది. అప్పటికే బట్టీలోంచి కొత్త వరస వచ్చి నిలబడి ఉంది.

"చిన్నది చేయించు" అంది. "పెద్దదైతే నింపేస్తాను."