వంతెన స్తంభం మీద ఎర్ర గీత

నా స్నేహితుడు ఇంజనీరు. నదుల ఆఫీసులో వాడిది పెద్ద కుర్చీ. బడిలో మేమంతా వాణ్ణి స్కేలుగాడు అనేవాళ్లం. పద్యం రాసినా ప్రతి పాదం కింద స్కేలు పెట్టి గీత కొట్టేవాడు మరి. గీత వంకర పోతే పేజీ చింపేసేవాడు. నేను బోర్డులు రాసే పెయింటర్ని. ఈ ఊళ్లో సగం కొట్ల పేర్లు ఒకప్పుడు నా చేతి మీదే వెలిశాయి. ఇప్పుడు మా అల్లుడి ఫ్లెక్సు మిషను మీద వెలుస్తున్నాయి. వాడు నా రాతని చూసి, "మామయ్యా, మీది మంచి ఫాంటు" అంటాడు. నలభై ఏళ్లు కుంచె పట్టినవాడికి దక్కిన బిరుదు అది.

ఆరేళ్లుగా పలకరించని స్కేలుగాడు ఒక గురువారం ఫోన్ చేసి, రేపు పొద్దున్నే నదిగట్టు మీద నడుద్దాం రమ్మన్నాడు. నడక మంచిదట. నది గాలి ఇంకా మంచిదట. పాత స్నేహం అన్నిటికన్నా మంచిదట. ఒకే నోట ఇన్ని మంచి మాటలు వరసగా వచ్చాయంటే వెనకాల ఏదో పని ఉందని నాకు తెలియకపోలేదు. అయినా వెళ్లాను. పెద్ద ఆఫీసు వాడు పిలిచాడంటే పెద్ద బోర్డే ఉంటుందని ఆశపడ్డాను. ఆశకి సిగ్గుండదు.

వాడే కారులో వచ్చి ఎక్కించుకున్నాడు. గట్టు మొదట్లో కారు ఆపి, డిక్కీలోంచి తెల్ల బూట్లు తీసి తొడుక్కున్నాడు. ఆ తెలుపు చూస్తే అవి నేలని తాకి ఎరగవని తెలుస్తోంది. చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం. నడక మొదలైన నిమిషంలోనే ఊపిరి ఎలా పీల్చాలో, ఎలా వదలాలో నాకు చెప్పడం మొదలుపెట్టాడు. యాభై రెండేళ్లుగా ఎవరూ నేర్పకుండానే పీలుస్తున్నానని అనబోయి ఊరుకున్నాను.

వాడు చెబుతూనే ఉన్నాడు. నేను 'ఊ' కొడుతూ కళ్లని తలో దిక్కుకీ వదిలేశాను. గట్టు మీద సిమెంటు బెంచీలు, బెంచీకో సూక్తి. ఒక దాని మీద 'ఆరోగ్యమే మహభాగ్యం' అని ఉంది. భాగ్యం మహా కాకపోయినా ఫర్వాలేదు గానీ దీర్ఘం మింగేసినవాడికి జైలు వెయ్యాలి. ఆ పక్కన ఓ డజను మంది గుండ్రంగా నిలబడి చేతులెత్తి నవ్వుతున్నారు. వాళ్లలో ఒక రిటైరైన జడ్జీ ఉన్నాడు. కుర్చీలో ఉన్నన్నాళ్లూ ఆయన పెదవి విడగా చూసినవాడు లేడు. ఇప్పుడు ఒక కుర్రాడు ఈల వేస్తే నవ్వుతున్నాడు, ఇంకో ఈలకి ఆపేస్తున్నాడు. ఒకావిడ కుక్కని చంటిపిల్లల బండిలో కూర్చోబెట్టి తోసుకెళుతోంది. నడక కుక్కకి పనికిరాదు కాబోలు.

ఇంతమంది ఇంత పొద్దున్నే వచ్చి నది పక్కన నడుస్తున్నారు కదా, నదికేసి చూసినవాడు ఒక్కడు కనబడలేదు. అందరి కళ్లూ మణికట్టు మీదే. నది మాత్రం తన మానాన తాను పోతోంది, ముతక గోధుమరంగులో. దానికి అడుగులు లెక్కపెట్టేవాళ్లు లేరు అనుకున్నాను. అంతలో వంతెన దగ్గరికొచ్చాం.

నదికీ ఒక లెక్క ఉంది. వంతెన రెండో స్తంభం మీద కింది నుంచి పై దాకా అడుగుల అంకెలుంటాయి. పంతొమ్మిదో అడుగు దగ్గర అడ్డంగా ఎర్ర గీత, పక్కన వరదొచ్చిన సంవత్సరం. అవి నేను రాసినవే. ముప్పై ఒక్క ఏళ్ల కిందట, నీళ్లు తీసిన నాలుగో రోజున. అప్పటి ఇంజనీరు సన్నటి ముసలాయన. స్తంభం మీద బురద ఆనవాలు ఎక్కడిదాకా ఉందో తానే టేపు పట్టి రెండుసార్లు కొలిచాడు. మా నాన్న కింద నిచ్చెన పట్టుకున్నాడు. నేను పైన గీత గీస్తుంటే ఆ ముసలాయన, "చెయ్యి వణక్కుండా చూసుకో నాయనా, దీన్ని నమ్ముకుని ఇళ్లు కట్టుకుంటారు" అన్నాడు.

స్కేలుగాడు ఆ స్తంభం కిందే ఆగాడు. అప్పుడర్థమైంది, ఈ నడక ఎక్కడికో. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి అసలు సంగతి విప్పాడు. వంతెనకి దిగువన, ఒడ్డు వారనున్న పల్లపు నేలలో కొత్త కాలనీ వస్తోందట. పాత వరద మట్టానికి పైన ఉన్న నేలకే అనుమతి ఇవ్వాలని రూలట. కాగితాల్లో వరద మట్టాన్ని ఇదివరకే 'సరిచేశారట'. ఇంక ఈ స్తంభం ఒక్కటే అడ్డు. సోమవారం పైఆఫీసు వాళ్లు చూడ్డానికొస్తున్నారు. ఈలోగా గీత అయిదడుగులు కిందికి దిగాలి.

"ఫ్లెక్సువాడికిస్తే కొత్తదని తెలిసిపోతుందిరా. నీ చేతి అంకెలైతేనే పాతవాటిలో కలిసిపోతాయి. కాస్త వెలిసినట్టు వెయ్యి, అది నీకే చేతనవును" అన్నాడు.

ఈ ఊళ్లో పదేళ్లుగా నా రాతని ఎవడూ మెచ్చుకోలేదు. చివరికి ఒకడు మెచ్చుకున్నాడు, దొంగగీత కోసం.

దానికి ప్రతిఫలం కూడా చూపించాడు. కాలనీ అంతా చేత్తో రాసిన బోర్డులే పెట్టిస్తానన్నాడు. వీధి పేర్లు, గేటు, పార్కు, అన్నీ కలిపి నలభై. నేను వెంటనే ఛీ కొట్టానని మీరు అనుకుంటే నన్ను ఎక్కువగా అంచనా వేసినట్టే. నలభై బోర్డులు అనగానే నా బుర్ర రంగులు కలపడం మొదలుపెట్టింది. వీధి పేర్లకి నీలం మీద తెలుపు బాగుంటుందనుకున్నాను. గేటుకి చెక్కా రేకా అని కూడా ఆలోచించాను. అంతసేపూ వాడు నా భుజం మీద చెయ్యి వేసుకునే ఉన్నాడు. ఆ చెయ్యి ఎంత మెత్తగా ఉందో ఇప్పటికీ గుర్తుంది, పని చేసి ఎరగని చెయ్యి.

ఆ చెయ్యి చూస్తుంటే నాకు వాళ్లక్క గుర్తొచ్చింది. అమ్మానాన్నా పోయాక కుట్టుపని చేసి వాణ్ణి చదివించింది ఆవిడే. మా వీధిలో, మా ఎదురింట్లోనే ఉంటుంది. వరదొచ్చిన రోజు వాడు వేరే ఊళ్లో హాస్టల్లో ఉన్నాడు. సెలవులకొచ్చి వదిలేసి వెళ్లిన ఇంజనీరింగు పుస్తకాల మూట ఇంట్లో ఉంది. నీళ్లు నడుం దాటుతుంటే, ఆవిడ కుట్టుమిషను వదిలేసి ఆ మూటని నెత్తిన పెట్టుకుని మా డాబా మెట్లెక్కింది. మిషను కొట్టుకుపోయింది. తర్వాత రెండేళ్లు చేతి కుట్టు కుట్టింది. ఆ పుస్తకాలు చదివే వీడు ఇంజనీరయ్యాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అంటారు. వీడు ఇంకో మెట్టెక్కాడు. దాటాక, ఏరే లేదంటున్నాడు.

"నేను వెయ్యను" అన్నాను.

"ముప్పై ఏళ్లకోసారి వచ్చేదానికి ఇంత పట్టింపేంట్రా?"

"వరద నీ ఆర్డరు చదువుకుని రాదు. మీ అక్కనడుగు, ఎంతదాకా వచ్చిందో."

"అక్కకేం తెలుసు, కుట్టుపని చేసుకునేది" అన్నాడు వాడు.

ఆ మాటతో నా మనసులోంచి నలభై బోర్డులూ ఒకేసారి ఊడి పడిపోయాయి.

అక్కణ్ణుంచి కారు దాకా రెండు కిలోమీటర్లు. సినిమాల్లో అయితే నేను తల ఎగరేసి వేరే దారిన వెళ్లిపోయేవాణ్ణి. ఇక్కడ ఉన్నది ఒకే గట్టు, అటు నదీ ఇటు ముళ్లకంచే. ఇద్దరం పక్కపక్కనే నడిచాం. వాడు బూటుకంటిన బురదని తుడుచుకోవడానికి రెండుసార్లు ఆగాడు. రెండుసార్లూ నేనూ ఆగాను, ఎందుకో తెలీదు. అలవాటనుకుంటా. మధ్యలో వాడి గడియారం కిచకిచమని, లక్ష్యం చేరుకున్నందుకు వాణ్ణి అభినందించింది. వాడు మొహమాటంగా నాకేసి చూశాడు. నేను నదికేసి చూశాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి జరిగింది చెప్పాను. కాస్త గొప్పగానే చెప్పానని ఒప్పుకోవాలి. ఆవిడ బట్టలు ఆరేస్తూ అంతా విని, "నువ్వు వెయ్యనన్నావు, బాగుంది. వేరేవాడు వేస్తే ఏం చేస్తావ్?" అని అడిగింది. నాకు కోపం వచ్చింది, అన్నం కూడా సరిగా తినలేదు.

మంగళవారం వంతెన దగ్గరికెళ్లి చూశాను. స్తంభం మొత్తానికి సున్నం కొట్టేశారు. కొత్త అంకెలు, పద్నాలుగో అడుగు దగ్గర కొత్త గీత. చేతకాని అబద్ధం చూస్తే నాకు రెట్టింపు అసహ్యం. అచ్చురేకు పెట్టి కొట్టిన అంకెలు, అంచుల్లో రంగు కారింది. నాలుగు అంకె చూడబోతే కుంటి కుర్చీలా ఉంది. పైఆఫీసు వాళ్లు సోమవారం దీని ముందు నిలబడి, ఫొటోలు తీసుకుని, తలలూపి వెళ్లిపోయారట. పెద్ద చదువులు చదివిన కళ్లు కదా, రాసింది కనబడుతుంది గానీ తడి రంగు కనబడదు.

ఆ మధ్యాహ్నం మా మెట్లకింద అలమారాని ముందుకి లాగాను. ఇల్లంతా ఎన్నోసార్లు సున్నం వేయించాం గానీ అలమారా వెనక ఎవరు వేయిస్తారు? వరద వదిలిన బురద చార అక్కడ అలాగే ఉంది, నా ఛాతీ ఎత్తున. మేస్త్రీ దగ్గర లెవెలు చూసే గొట్టం అడిగి తెచ్చాను. సన్నటి పారదర్శకపు గొట్టం, నిండా నీళ్లు పోస్తే రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టాన నిలుస్తాయి. ఆఫీసరు చెప్పినా అవి కిందికి దిగవు. ఒక కొస చార దగ్గర మా ఆవిడ పట్టుకుంది, రెండో కొస నేను వీధి గోడకి ఆనించి గుర్తు పెట్టాను. ఆ గుర్తు మీద ఎర్ర గీత గీసి, కింద 'ఇక్కడిదాకా నీళ్లొచ్చాయి' అని రాసి, వరదొచ్చిన సంవత్సరం వేశాను. వెలిసినట్టు కాదు, పది గజాల దూరానికి కనబడేట్టు.

వీధిలో వాళ్లు మొదట నవ్వారు. పనిలేని మంగలి పిల్లి తల గొరిగినట్టుందన్నారు. పక్కింటాయన, కింది వాటా అద్దెకివ్వాలనుకుంటున్నాననీ, గీత చూస్తే ఎవరొస్తారనీ మా గుమ్మంలోకొచ్చి పోట్లాడాడు. ముప్పై ఏళ్ల కిందట ఆయన్నీ ఆయన భార్యనీ మా డాబా మీదే మూడు రోజులు ఉంచుకున్నాం. బురద ఆరిపోతే జ్ఞాపకం కూడా ఆరిపోతుంది జనానికి.

సాయంత్రం ఎదురింటి అక్క మెడలో టేపు వేసుకునే బయటికొచ్చింది. అరవై ఏడేళ్ల మనిషి, కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది. గీత ముందు నిలబడి తన ఎత్తుతో పోల్చి చూసుకుంది. ఎందుకు గీశావని అడిగింది. నాకు వాళ్ల తమ్ముడి పేరు ఎత్తడం ఇష్టం లేదు, ఏదో నీళ్లు నమిలాను. ఆవిడ వదల్లేదు. చివరికి స్తంభం సంగతి, కాలనీ సంగతి అంతా చెప్పేశాను. "కుట్టుపని" అన్న మాట ఒక్కటీ మింగేశాను.

ఆవిడ వెనక్కి తిరిగి తన గుమ్మంకేసి చూసింది. తర్వాత, "మా గోడ మీద కూడా వెయ్యి" అంది.

"వాడు చూస్తే బాధపడతాడేమో అక్కా."

"చూడనీ. చూడ్డానికే కదా వేసేది."

గొట్టం వీధికి అడ్డంగా పట్టి ఆవిడ గుమ్మం పక్కన గీత గీశాను. మర్నాటికి బట్టల ఇస్త్రీ ఆయన అడిగాడు. ఆ తర్వాత పంతులమ్మ, సైకిలు షాపాయన. వారం తిరిగేసరికి మా వీధిలో పంతొమ్మిది గోడల మీద ఒకే మట్టాన ఎర్ర గీత నిలిచింది. పక్కింటాయన కూడా, మిగతా అందరి గోడల మీదా ఉండి తన దాని మీద లేకపోతే అనుమానం వస్తుందని, తనే వచ్చి వేయించుకున్నాడు.

కాలనీ స్థలాలు చూడ్డానికి వచ్చేవాళ్లకి మా వీధే దారి. వాళ్లు కార్లు ఆపి గీతలు చూసేవారు, దిగి అడిగేవారు. కొందరు అక్కణ్ణుంచే వెనక్కి తిరిగారు. కొందరు కొన్నారు కూడా, చవగ్గా వస్తే జనం నది నడిమధ్య అయినా కొంటారు. కానీ కొన్నవాళ్లు గొడవ పెట్టి పునాదులు మనిషెత్తు లేపించుకున్నారు. ఆ మాత్రం జరిగింది. స్తంభం మీది కుంటి నాలుగు అలాగే ఉంది. ఎవరి ఉద్యోగమూ పోలేదు.

గీతలు వేసిన నెలకి ఒక ఆదివారం స్కేలుగాడు అక్క ఇంటికొచ్చాడు. నేను మా అరుగు మీద రేకు గీకుతున్నాను. వాడు నాకేసి చూడకుండా వెళ్లి ఆ గుమ్మం దగ్గర ఆగాడు. గీత వాడి చొక్కా మూడో బొత్తాం దగ్గరుంది. దీన్ని చెరిపించమని, నలుగురిలో తన పరువు పోతోందని వాడంటుంటే వినబడుతూనే ఉంది. అక్క గొంతు పెంచలేదు. మెడలోంచి టేపు తీసి వాడి చేతిలో పెట్టింది.

"కొలిచి చూడు నాన్నా. ఒక్క అంగుళం తప్పున్నా నేనే చెరిపిస్తాను. నీకు కొలవడం వచ్చుగా."

వాడు టేపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కొలవలేదు. టేపు గుమ్మం మీద పెట్టేసి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ సంవత్సరమే వాడికి ప్రమోషన్ వచ్చింది, అది వేరే సంగతి. అలాంటివాళ్లకి రాకపోతే ఎవరికొస్తుంది?

వాడి కారు సందు తిరిగాక అక్క వీధి దాటి మా అరుగు దగ్గరికొచ్చింది. ఏడుస్తుందేమోనని నేను రేకు పక్కన పెట్టి లేచాను. ఆవిడ డబ్బాలోకి తొంగి చూసి, "రంగు ఇంకా మిగిలిందా? పెరటి గుమ్మానికి కూడా ఒకటి వెయ్యాలి" అంది.