పుట్టకముందు చేసిన ప్రయాణం

నేను ఒక మోటారు కారును. ముదురాకుపచ్చ రంగు, నాలుగు తలుపులు, ముందు రెండు గుండ్రటి దీపాలు. మీలో పాతతరం వాళ్ళకి రెండేసి పుట్టినతేదీలు ఉంటాయని విన్నాను. ఒకటి అమ్మకు తెలిసినది, రెండోది బళ్ళో చేర్చుకునేటప్పుడు మాస్టారు తనకు తోచినట్టు వేసినది. నాదీ అదే బాపతు. నేను తయారైంది 1939 వేసవిలో. ప్రభుత్వం వారి లెక్క ప్రకారం పుట్టింది 1946లో. మనుషులకు ఏడాదో రెండేళ్ళో తేడా వస్తే ఉద్యోగంలో కలిసొస్తుందట. నాకొచ్చిన తేడా వల్ల ఒక మనిషి దొంగయ్యాడు, మళ్ళీ దొర అయ్యాడు. ఆ సంగతి చెప్పేవాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదు. అందుకే నేను చెబుతున్నాను.

నన్ను ఇంగ్లండులో కొవెంట్రీ అనే ఊళ్ళో చేశారు. ఎందరి చేతులో నా మీద పడ్డాయి. సీట్లకు తోలు కుట్టిన ఎర్రజుట్టు ఆవిడ చివరి కుట్టు వేశాక, అత్తారింటికి వెళ్ళే పిల్ల తల నిమిరినట్టు సీటును ఒకసారి నిమిరింది. విశాఖపట్నం దగ్గర జనపనార మిల్లులో పనిచేసే ఒక ఇంగ్లీషు మేనేజరు నా కోసం ఆర్డరిచ్చాడు. ఓడ ఎక్కించే లోపే యుద్ధం వచ్చిపడింది. ఫిరంగులకూ తూటాలకూ చోటు చాలని ఓడల్లో కార్లకు చోటెక్కడిది? నెలల తరబడి రేవు షెడ్డులో ఉండిపోయాను. నాతోపాటు పుట్టిన చాలా కార్లది ఇదే గతి. కొన్ని అక్కడి పల్లెల్లో, గడ్డి దాచుకునే కొట్టాల్లో, టార్పాలిన్ల కింద యుద్ధమంతా నిద్రపోయాయి. ఆరేడేళ్ళు గడిచాక నంబర్లు వేయించుకుని, ముదురు పెళ్ళికొడుకుల్లా రోడ్డెక్కాయి.

నాకు ఎలాగో ఓడ దొరికింది. ఆఫ్రికా చుట్టూ తిరిగి విశాఖపట్నం చేరేసరికి నన్ను కోరుకున్న మేనేజరు పట్టాళంలో చేరి వెళ్ళిపోయాడు. పీటల మీద పెళ్ళికూతురు సిద్ధం, పెళ్ళికొడుకు లేడు. నన్ను తెప్పించిన కార్ల వ్యాపారి మళ్ళ జోగినాయుడు గారు తల పట్టుకున్నారు. పెట్రోలుకు కూపన్లు వచ్చిన రోజులవి.

"ఇప్పుడు నంబరు వేయించి ఏం లాభం? యుద్ధం అయ్యాక చూద్దాం" అని, రేవుకు దగ్గర్లో ఉన్న తన గోడౌనులో పెట్టించారు.

గోడౌను బాధ్యత పైడయ్యది. నాయుడు గారి దగ్గర డ్రైవరూ అతనే, మెకానిక్కూ అతనే. ముప్పై ఏళ్ళుంటాయి. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. నా చక్రాలు ఊడదీసి, టైర్లకు సుద్దపొడి రాసి, నన్ను చెక్క దిమ్మల మీద నిలబెట్టాడు. అప్పుడప్పుడూ వచ్చి ఇంజను తిప్పి, "ఉన్నావా తల్లీ" అని పలకరించేవాడు. ఉన్నాను. కానీ ఉన్నట్టు ఏ కాగితం మీదా లేను. నంబరు లేని కారు రోడ్డు మీదికి రాకూడదు. దాన్ని నడిపినవాడిది నేరం.

1942 ఏప్రిల్లో ఒక సోమవారం విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. గోడౌను రేకులు గలగల్లాడాయి. సాయంత్రానికల్లా ఊరు ఊరంతా మూటలు కట్టుకుంది. నాయుడు గారు కుటుంబాన్ని లారీ ఎక్కించి, వెళ్ళే ముందు పైడయ్యను పిలిచి, "గోడౌను జాగ్రత్త. తాళం ఎవరికీ ఇవ్వకు" అని చెప్పి వెళ్ళారు. పైడయ్య తన పెళ్ళాన్నీ తల్లినీ అంతకుముందే పల్లెకు పంపేశాడు.

మర్నాడు పొద్దున్నే గోడౌను తలుపు దగ్గరికి ఒకావిడ వచ్చింది. తెల్లచీర, కళ్ళజోడు, ఒక్కో చేత్తో పట్టుకున్న ఒక్కో పిల్ల. వెనకాల మరో అయిదుగురు, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని. ఆవిడ సుగుణమణి టీచరు. రెండు వీధుల అవతల అద్దె ఇంట్లో చెవిటి పిల్లల కోసం చిన్న బడి నడుపుతోంది. ఆ ఏడుగురూ ఆ బడి పిల్లలే.

"పైడయ్యా, నీ షెడ్డులో కారుందటగా" అంది.

"ఉందమ్మా. గానీ దానికి నంబరు నేదు. ఎద్దు బండి సూసుకోండి."

"ఊళ్ళో ఒక్క బండి మిగల్లేదు. రైలు దగ్గరికి వెళితే తొక్కిడి. చెయ్యి జారితే వీళ్ళని పిలిచి ఆపలేను నాయనా. నిన్న సైరను మోగితే వీళ్ళకి తెలియలేదు. నేల అదిరాక తెలిసింది. శృంగవరపుకోటలో మా అక్క ఉంది. అక్కడ దింపితే చాలు."

"నాయుడు గారు తాళం ఎవలికీ ఇవ్వొద్దన్నారమ్మా."

"తాళం నాకెందుకు? నాకు నడపడం రాదుగా. నువ్వే నడుపు."

పైడయ్య నవ్వబోయి మానుకున్నాడు. పిల్లల్లో ఒకమ్మాయి అప్పటికే నా దగ్గరికి వచ్చి, దీపం అద్దంలో తన ముఖం చూసుకుంటోంది. అతను కాసేపు నావైపు, కాసేపు పిల్లలవైపు చూశాడు. తెలిస్తే ఉద్యోగం పోతుందని అతనికి తెలుసు. జైలు కూడా కావచ్చు. తలగుడ్డ బిగించి కట్టి, "పిల్లల్ని నీడలో కూకోబెట్టండి. సక్రాలు ఎక్కించాల" అన్నాడు.

దిమ్మల మీంచి నేల మీదికి దిగిన ఆ క్షణం నేను మరిచిపోలేను. బ్యాటరీ పెట్టాడు, దాచిన టిన్నులోంచి పెట్రోలు పోశాడు, హ్యాండిలు తిప్పాడు. పిల్లలు నా మూతి మీద అరచేతులు ఆనించి, ఇంజను మొదలవగానే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. నా గొంతు చెవుల్తో కాకుండా చేతుల్తో విన్నవాళ్ళు నాకు వాళ్ళే.

దారి పొడుగునా జనం. కావిళ్ళు, పిల్లలనెత్తుకున్న ఆడవాళ్ళు, మంచం మీద ముసలివాళ్ళను మోసుకుపోతున్న కొడుకులు. గోపాలపట్నం దాటుతుండగా ఒక పోలీసు కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగాగు! నంబరేదీ?"

సుగుణమణి టీచరు ఏదో చెప్పబోయింది. ఈలోగా వెనక నుంచి తోసుకొస్తున్న బళ్ళను ఆపడానికి కానిస్టేబులు ఈల తీసి, నా కిటికీ పక్కనే గట్టిగా ఊదాడు. రోడ్డు మీది జనమంతా ఉలిక్కిపడి తిరిగారు. ఎద్దులు కూడా చెవులు రిక్కించాయి. నా వెనక సీట్లోని పిల్లలు మాత్రం ఎదుటి బండిలో గడ్డి నములుతున్న మేకపిల్లనే చూస్తున్నారు.

"ఈళ్ళేటి, ఇటు సూడరు?" అన్నాడతను.

"వినపడదు బాబూ. పుట్టు చెవుడు."

కానిస్టేబులు ఈల జేబులో వేసుకున్నాడు. కిటికీలోంచి ఒక్కొక్కళ్ళనే చూశాడు. తర్వాత నా చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, పైడయ్యతో మెల్లగా అన్నాడు.

"నంబరు నేని బండిని ఏ నంబరని రాసుకోమంతావు? రాసినా, ఇసుమంటి బండే నేదంతారు మావోళ్ళు. ఎల్లు ఎల్లు, జాగర్త."

అలా నేను కాగితాల మీద లేకపోవడమే ఆ రోజు మమ్మల్ని కాపాడింది. మధ్యాహ్నానికి శృంగవరపుకోట చేరాం. పైడయ్య మంచినీళ్ళు తాగి వెంటనే వెనక్కి తిరిగాడు. నన్ను కడిగి, చక్రాలు తీసి, మళ్ళీ దిమ్మలెక్కించాడు.

నాయుడు గారు తిరిగొచ్చినప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఖాళీ పెట్రోలు టిన్ను చూసి ఆయనే అడిగారు. పైడయ్య అబద్ధమాడలేదు. నాయుడు గారు చెడ్డవారు కారు, భయస్తులు. "పోలీసులు పట్టుకునుంటే నా వ్యాపారం ఏమయ్యేదిరా? పిల్లలైతే మాత్రం?" అని కేకలేశారు. అతన్ని పనిలోంచి తీసేశారు. ఊళ్ళో ఎవరడిగినా, "తాళం అప్పజెబితే కారు ఎత్తుకుపోయాడు" అనేవారు. అంత మాటన్నాక ఎవరు స్టీరింగు చేతికిస్తారు? పైడయ్య రేవులో బస్తాలు మొయ్యడానికి పోయాడు. సుగుణమణి టీచరు వచ్చి ఎంత చెప్పినా నాయుడు గారు వినలేదు. నేను చీకట్లో, దిమ్మల మీద, అన్నీ వింటూ ఉండిపోయాను.

యుద్ధం ముగిసింది. కార్లు కావాలనేవాళ్ళు వచ్చారు గానీ కార్లు రాలేదు. అప్పుడు నాయుడు గారికి నేను గుర్తొచ్చాను. దుమ్ము దులిపించి, మెరుగు పెట్టించి, రిజిస్ట్రేషనుకు తీసుకెళ్ళారు. ఎప్పటి బండని అక్కడి అధికారి అడిగితే, "ఈ ఏడాదిదేనండి. ఇంకా రోడ్డెక్కలేదు" అన్నారు. ఆ అధికారి నా బానెట్ మీద తట్టి, బాగుందన్నాడు. ఏడేళ్ళదాన్ని ఆ మధ్యాహ్నం పసిపాపనైపోయాను. నాకు నంబరొచ్చింది. వకీలు పేరి సోమశేఖరం గారు నన్ను కొనుక్కుంటానని మాటిచ్చారు.

ఆయన వచ్చి తీసుకెళ్ళాల్సిన రోజు పొద్దున నన్ను నాయుడు గారి ఆఫీసు ముందు నిలబెట్టారు. వకీలు గారికన్నా ముందు సుగుణమణి టీచరు వచ్చింది. బడి మళ్ళీ ఊళ్ళోకి వచ్చేసింది. ఆవిడ వెంట పైడయ్య ఉన్నాడు. అతని భుజం మీద బస్తాల కాయలు కాశాయి. అతను లోపలికి రాకుండా నా పక్కనే నిలబడ్డాడు.

"నాయుడు గారూ, ఈ కారు ఇంతవరకూ రోడ్డెక్కలేదని చెప్పారటగా" అంది టీచరు, కూర్చోకుండానే.

"అవునమ్మా. కొత్తది."

"అయితే పైడయ్య దేన్ని ఎత్తుకుపోయాడు?"

నాయుడు గారు బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టారు.

"రోడ్డెక్కిందంటే ఇది కొత్తది కాదు. ఎక్కలేదంటే పైడయ్య దొంగ కాదు. రెండూ మీరే అన్నారు. ఏ మాట నిలబెట్టుకుంటారో మీ ఇష్టం. వకీలు గారు వచ్చేవరకూ నేనిక్కడే ఉంటాను."

ఆయన కిటికీలోంచి నావైపు చూశారు. నన్ను చూశారో పైడయ్యను చూశారో చెప్పలేను.

"మీరు వకీలు కావలసిందమ్మా" అన్నారు చివరికి. గొంతు తగ్గింది. "నాలుగేళ్ళు ఒక్క బండి అమ్మలేదు నేను. ఆ రోజు భయంలో నోరు జారాను. జారిన మాటని మళ్ళీ తీసుకోవడం చేతకాక అలాగే అంటూ వచ్చాను." లేచి వరండాలోకి వచ్చి, "పైడయ్యా, నువ్వు ఏ బండీ తియ్యలేదు. ఆ మాట ఎవరితోనైనా చెబుతాను" అన్నారు.

పైడయ్య ముఖంలో సంతోషం కనిపిస్తుందనుకున్నాను. అతను టీచరువైపు తిరిగాడు.

"అంటే, టీచరమ్మా, ఆ పొద్దు మనం ఎల్లనేదా?"

"వెళ్ళలేదు పైడయ్యా."

"పిల్లల్ని నాను తీసుకెల్లనేదా?"

టీచరు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. అతని చేతిలో ఇన్నాళ్ళూ ఉన్నది ఆ ఒక్క రోజే. దొంగ అన్నా, బస్తాలు మోయించినా, ఆ రోజు మాత్రం అతనిదే. ఇప్పుడు పరువు తిరిగి ఇస్తూ దాన్ని తీసుకుంటున్నారు.

"పిల్లలకి తెలుసు" అంది టీచరు. "ఇప్పటికీ చేతుల్తో చెప్పుకుంటూనే ఉంటారు. నాయుడు గారికి ఆ భాష రాదు, అంతే."

పైడయ్య తల వంచుకుని చాలాసేపు నా తలుపు పిడిని తుడిచాడు. తర్వాత "సరేనమ్మా" అన్నాడు.

వకీలు గారు వచ్చారు. నాయుడు గారు మాట నిలబెట్టుకున్నారు. "మీకు డ్రైవరు కావాలన్నారు కదండీ. ఇతను నా దగ్గర చేసినవాడు. ఇతన్ని మించి నమ్మకస్తుడు ఊళ్ళో దొరకడు" అన్నారు. ఆ సాయంత్రమే పైడయ్య నన్ను నడుపుకుంటూ వకీలు గారింటికి తీసుకెళ్ళాడు. దారిలో బడి అరుగు మీద పిల్లలు కనిపించారు. ఎదిగారు. మమ్మల్ని చూడగానే లేచి నిలబడి, గాలిలో స్టీరింగు తిప్పుతున్నట్టు చేతులు ఆడించారు. వాళ్ళ భాషలో అది పైడయ్య పేరట.

"ఎవరోయ్ వాళ్ళు?" అన్నారు వకీలు గారు.

"తెలిసిన పిల్లలండి" అన్నాడు పైడయ్య.

పాతికేళ్ళు అతనే నన్ను నడిపాడు. కోర్టులకూ, పెళ్ళిళ్ళకూ, అరకు కొండలకూ. ఒక్కసారి కూడా ఆ ప్రయాణం సంగతి ఎవరితోనూ అనలేదు. ఒప్పుకున్న మాట అలాంటిది. సుగుణమణి టీచరు పోయినప్పుడు శవపేటిక వెనక నన్ను నడక వేగంతో నడిపాడు. చూపు మందగించాక తాళం వకీలు గారి చేతికిచ్చి, నా బానెట్ మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడి, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. రెండేళ్ళకు పోయాడని విన్నాను.

తర్వాత నేను చాలా చేతులు మారాను. కొన్నాళ్ళు టాక్సీనయ్యాను, కొన్నాళ్ళు సినిమా హాలు మైకు కట్టించుకుని ఊరేగాను, చివరికి ఒక సిమెంటు షెడ్డులో కోళ్ళకు గూడయ్యాను. అక్కణ్ణుంచి నన్ను బయటికి తీసింది డాక్టరు మృణాళిని గారు. పంటి డాక్టరు, పాతకార్ల పిచ్చి. నాకు మళ్ళీ ప్రాణం పోశారు. మొన్న బీచి రోడ్డులో పాతకార్ల ప్రదర్శనకు తీసుకెళ్ళారు. అక్కడ పెద్దమనుషులు నా చుట్టూ చేరి వాదులాడుకున్నారు. ఈ దీపాలు యుద్ధానికి ముందువని ఒకరు, కాగితాల్లో యుద్ధం తర్వాతదని ఒకరు. చివరికి ఇంజను మీది అంకెలు చూసి తేల్చారు. నా ముందు పలక పెట్టారు: తయారీ 1939, రిజిస్ట్రేషను 1946.

ఒక కాలేజీ అమ్మాయి ఆ పలక చదివి ఆగింది.

"మరి మధ్యలో ఏడేళ్ళు ఏం చేసిందండీ ఇది?"

మృణాళిని గారు నా అద్దం మీది వేలిముద్ర తుడుస్తూ నవ్వారు.

"ఏముందీ, యుద్ధం కదా. గోడౌన్లో ఊరికే పడుంది."

అమ్మాయి తలూపి పక్క కారు దగ్గరికి వెళ్ళింది. సముద్రం మీంచి ఉప్పుగాలి వీస్తోంది. కాదమ్మా, ఊరికే లేను అని చెప్పాలనిపించింది. కార్లకు హారను తప్ప మాట లేదు. అదైనా ఎవరో ఒకరు నొక్కాలి.