గాల్లో గంటలు

విమానం టికెట్లు అమ్మే మా వ్యాపారంలో ఒక పాడు అలవాటుంది. ప్రయాణం ఎంతసేపని ఎవరడిగినా గాల్లో ఉండే గంటలే చెబుతాం. మధ్యలో దిగి పడిగాపులు పడే గంటలు మింగేస్తాం. ఉన్నదున్నట్టు చెబితే బేరం పక్క కొట్టుకి పోతుంది మరి!

నిన్న మన దేశం నుంచి బావ ఫోన్ చేసినప్పుడు కొట్లోనే ఉన్నాను.

"అమ్మాయ్, మీ అక్క ఇంక ఎంతోసేపు ఉండదని డాక్టర్లంటున్నారు. నొప్పి తెలియకుండా మత్తులో ఉంచారు. నువ్వొచ్చే వేళకి మెలకువ తెప్పిస్తారట, ఒక్కసారి మాట్లాడుకుందురుగాని. ఎన్ని గంటలు పడుతుంది?"

"పదహారు గంటలు బావా. ఇదిగో, బయల్దేరుతున్నా."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. కంగారులో నాకేమీ తట్టలేదు. విమానంలో సీటు ముందు తెరమీద వేల మైళ్ళు తరుగుతుంటే, అక్కతో ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ కూర్చున్నాను. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆ మాట దానితో ఒక్కసారీ అనలేదు. ఇప్పుడైనా అనాలి.

మధ్యలో దిగి బోర్డు చూశాకే తట్టింది. తర్వాతి విమానానికి ఇంకా పది గంటలుంది. ఛీ, నా చేత్తో నేను తీసుకున్న టికెట్టే! బావకి ఫోన్ మీద ఫోన్ చేశాను. ఆసుపత్రి గదిలో ఫోను ఆపేసుకున్నాడు కాబోలు, మోగనే లేదు. కుర్చీలో కూర్చోలేక ఆ గచ్చు మీదే అటూ ఇటూ తిరిగాను.

చివరికి ఆయనే చేశాడు.

"దిగావా అమ్మాయ్? అక్క లేచింది. నొప్పికి మెలికలు తిరిగిపోతోంది. నిన్ను చూసేదాకా మందు వద్దంటోంది. గుమ్మంకేసే చూస్తోంది."

"బావా, నేనింకా సగం దారిలోనే ఉన్నాను. ఆగే గంటలు మీకు చెప్పలేదు."

బావ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇప్పుడు మందు వేస్తే మళ్ళీ లేవదట. ఏం చెయ్యమంటావ్?"

"వెయ్యమనండి. ముందు ఫోను దాని చెవి దగ్గర పెట్టండి."

ఊపిరి చప్పుడు వినిపించింది.

"పొట్టీ, వచ్చావా?"

"వచ్చేశానక్కా. కిందే ఉన్నా. మెట్లెక్కుతున్నా."

"మెట్లెందుకే మొద్దూ... లిఫ్టుందిగా."

"సరేలే. నేను పైకొచ్చేలోపు మందు వేయించుకో."

"ఊఁ" అంది. నేను చెప్పినమాట అక్క వినడం అదే మొదలు.

"అక్కా, నన్ను పెంచింది నువ్వే" అన్నాను. బావ ఫోను అందుకున్నాడు.

"పడుకుందమ్మా."

విమానం పిలిచేసరికి వరసలో అందరూ తోసుకుంటున్నారు. నాకింక తొందరేముంది? అందరూ వెళ్ళాక లేచి విమానం మెట్లెక్కాను.