మడ గదిలో ఉప్పెవరు పోశారు

మా ఇసుకరాజును నేను ఊరికే అనుమానించలేదు. నా దగ్గర కారణాలున్నాయి. అవి విన్నాక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి.

ఇసుకరాజంటే మా ఆయన తమ్ముడు. అతనూ నేనూ పనిచేసే అద్దాల భవనంలో ఎడారి గది అతనిది కాబట్టి తోటివాళ్లు పెట్టిన పేరది. ఒక్క గంటలో ప్రపంచమంతా తిరిగొచ్చామనిపించాలని కట్టిన భవనం. మంచు గదిలో రాళ్లకంటుకున్న నాచు, వాన అడవి గదిలో చెట్ల మీద మొలిచే చెట్లు, కొలను గదిలో కలువలు, ఎడారి గదిలో ముళ్ల మొక్కలూ బల్లులూ. నాది మడ గది. నది సముద్రంలో కలిసేచోట పెరిగే మడ చెట్లు అక్కడ వేళ్లను బురదలోంచి పైకి పొడుచుకుని నిలబడతాయి. వాటి కింద బురద చేపలు రెక్కల మీద పాకుతూ ఒడ్డెక్కి కూర్చుంటాయి. పద్నాలుగేళ్లుగా వాటికి మేత వేసేది నేనే. నా అడుగుల చప్పుడైతే చాలు, కళ్లు మిటకరిస్తూ వచ్చేస్తాయి. నా కడుపున పుట్టినవాళ్లు కూడా పిలవగానే అలా రారు.

ఆ మడుగుకు ఒక లెక్కుంది. లీటరు నీటికి పదిహేను గ్రాముల ఉప్పు. అటు నదీ కాదు, ఇటు సముద్రమూ కాదు. రోజుకు అర వేలు నీరు ఆవిరవుతుంది, అంతమేరా మంచినీళ్లు పోస్తాను. ఒక రోజు ఉన్నట్టుండి మూడు వేళ్లు తగ్గింది. మర్నాడు మళ్లీ మూడు వేళ్లు. ఆవిరైతే అంత పోతుందా? ఎవరో తోడేస్తున్నారు. తోడిన నీళ్లతో ఉప్పు కూడా పోతుంది కదా అని, ఆ రోజు నుంచి పదిహేను గ్రాముల చొప్పున ఉప్పు కలిపిన నీళ్లే పోస్తూ వచ్చాను. అయినా ఉప్పు కొలిచే మీటరు పదహారు చూపించింది, తర్వాత పద్దెనిమిది, ఆ తర్వాత ఇరవై రెండు. అంటే ఆ దొంగ తోడి ఊరుకోవడం లేదు, ఉప్పు కూడా గుమ్మరిస్తున్నాడు.

సూపరింటెండెంటు వచ్చి నా చెట్లకు మాడిన ఆకులు చూసింది. ఆవిడ మాటలు ఎప్పుడూ కొలిచినట్టే ఉంటాయి.

"వచ్చే వారం శుక్రవారం పైవాళ్లు వస్తున్నారు. ఈలోగా పద్దెనిమిదికి దిగకపోతే ఈ గది మూసేస్తాం. గోడ తీసేసి ఎడారిలో కలిపేస్తాం. చేపల్ని ఎవరడిగితే వాళ్లకిచ్చేద్దాం."

ఎవరడిగితే వాళ్లకా? అంతకు ముందన్న మాట ఇంకా గట్టిగా తగిలింది. ఎడారిలో కలిపేస్తారట. ఎవరి ఎడారి? మా మరిదిగారిది.

అప్పుడు అన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. నా గదిలో నడిచే దారి మీద నాలుగైదు సార్లు ఇసుక రేణువులు కనపడ్డాయి. ఎడారి గది గుమ్మం పక్కన తడి బకెట్టు ఉంటోంది. ఎడారిలో మనిషికి బకెట్టెందుకు? పైగా నా చెట్లలో ముందు మాడినవి అతని గోడ వైపువే. ఇంట్లో మా ఆయనతో అంటే, "వాడికంత తెలివెక్కడిదే" అని నవ్వేశాడు. నా ఒళ్లు మండిపోయింది.

మంచినీళ్లు పోసి మీటరు దించవచ్చు. రోజుకు గ్రాము చొప్పున దించితే చెట్లూ తట్టుకుంటాయి. కానీ దొంగను పట్టకుండా నీళ్లు మారిస్తే రుజువు పోతుందని నా పంతం. బుధవారం పొద్దున్నే గంట ముందు వెళ్లాను. నా గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఇసుకరాజు మోకాళ్ల మీద కూర్చుని, నా నీళ్ల పైపు వెనక చెయ్యి పెట్టి తడుముతున్నాడు.

"ఏంటి మరిదిగారూ, నా గదిలో ఏం పోగొట్టుకున్నారు?" అన్నాను.

"ఏం లేదు వదినా. ఊరికే... చూసిపోదామని," అంటూ నీళ్లు నమిలాడు.

నమిలింది నా నీళ్లేననిపించింది నాకు. తిన్నగా వెళ్లి సూపరింటెండెంటుకు కాగితం రాసిచ్చాను. ఫలానా మనిషి నా మడుగు తోడేస్తున్నాడు, ఉప్పు పోస్తున్నాడు, కళ్లారా చూశాను అని. ఉప్పు పోయడం చూడలేదు. అయినా రాశాను.

గురువారం అతని దగ్గర తాళాలు తీసుకున్నారు. ఇక పనికి రావద్దన్నారు. వెళ్లేముందు అతను నా గదికి వచ్చాడు. దెబ్బలాటకే వచ్చాడనుకుని నేనూ కొంగు బిగించాను. అతను మాత్రం కాగితంలో చుట్టి తెచ్చినదేదో నా చేతిలో పెట్టాడు. ముళ్ల మొక్క ముక్క. నొక్కితే వేలు దిగబడింది, లోపలంతా కుళ్లిపోయింది.

"పది రోజులుగా నా ఇసుక తడిసిపోతోంది వదినా. గోడంతా చెమట. పొద్దున్నే వచ్చి తుడిచి బకెట్టులో పిండుతున్నా. నువ్వే పైపు నా వైపు వదిలేస్తున్నావనుకున్నా. అందుకే నీ పైపులు చూడ్డానికి వచ్చేవాణ్ణి."

"నన్ను అనుమానించావా నువ్వు?"

"నువ్వు నన్ను అనుమానించలేదా?"

"మరి ఎవరికీ చెప్పలేదేం?" అన్నాను.

"చెప్తే నీ ఉద్యోగం పోదూ? తర్వాత అన్నయ్య ముందుకు ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

నేను తల తిప్పుకున్నాను. తిప్పుకున్న వైపు మాడిన చెట్టుంది. దాని కొమ్మల్లో పైనున్నవే బాగా ఎండాయి, కిందవి ఇంకా పచ్చగానే ఉన్నాయి. కింద ఉప్పు తాగిన చెట్టుకు పైన ఎందుకు ముందు మాడుతుంది? పది రోజుల్లో మొదటిసారి తలెత్తి చూశాను. మా రెండు గదుల మధ్య గోడ మీద, చూరు కింద గాలి కిటికీ ఒకటుంది. దాని అద్దం లేదు. పది రోజుల కిందట రంగులేసేవాళ్లు తీసి, పక్కన ఆనించి, అలాగే వదిలేశారు. అతని గది వేడి పొడిగాలి నా మడుగు వైపు వీస్తోంది. నా నీటి ఆవిరి అతని ఇసుక మీదికి పోతోంది. ఇద్దరం నేల మీద దొంగ అడుగుల కోసం వెతుకుతూ కూర్చున్నాం.

గాలి నీళ్లనే తీసుకుపోతుంది, ఉప్పును వదిలేస్తుంది. సముద్రం ఉప్పగా ఎందుకుంటుందో, వాన తియ్యగా ఎందుకుంటుందో వారానికి మూడుసార్లు బడిపిల్లలకు చెప్పేదాన్ని నేనే. నా నీళ్లు ఎవరూ తోడలేదు. ఉప్పు పోసింది మాత్రం ఒకరున్నారు. రోజూ పొద్దున్నే, కొలత తప్పకుండా పోశారు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

సూపరింటెండెంటు గదికి వెళ్లి నా కాగితం వెనక్కి ఇమ్మన్నాను. ఆవిడ ఇవ్వలేదు.

"అతను కాకపోతే ఉప్పెవరు పోశారు? పైవాళ్లకి నేనొక పేరు చెప్పాలి."

"నేనే పోశాను," అన్నాను. మడ గది తాళం తీసి బల్ల మీద పెట్టాను.

గది మూయలేదు. కిటికీకి అద్దం బిగించారు, రోజుకో గ్రాము చొప్పున మరుసటి వారం శుక్రవారానికి మీటరు పదిహేడుకు దిగింది. ఎడారితో పాటు మడ గది తాళం కూడా ఇసుకరాజుకే ఇచ్చారు. నన్ను మంచు గదికి వేశారు. అక్కడ నాచు ఏడాదికి గోరంత పెరుగుతుంది. అలికిడైతే ఎదురొచ్చేవేవీ లేవు.

మొన్న మధ్యాహ్నం ఉన్ని కోటుతోనే వెళ్లి, చూడ్డానికొచ్చిన జనంలో కలిసి మడ గది అద్దం బయట నిలబడ్డాను. అద్దంలోంచి అడుగుల చప్పుడు వినపడదు కాబట్టి బురద చేపలు నా వైపు రాలేదు. ఇసుకరాజు చెంబుతో మంచినీళ్లు పోస్తున్నాడు. నన్ను చూసి వేలెత్తి, దాని సగం దగ్గర బొటనవేలు ఆనించాడు. అర వేలే తగ్గిందట.

నేను ముందు తలెత్తి కిటికీ చూశాను. మూసే ఉంది. ఆ తర్వాతే అతని మొహం చూశాను. అప్పటికే అతను వేలు దించేసి, చేపల వైపు తిరిగాడు.