మూడు పెట్టెల సముద్రం

పదిహేడో పెట్టె మూత తీసేసరికి రాళ్ల మీద ఎర్రగీత లేదు. నల్లగీతా లేదు. రాళ్లు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. దుమ్ము తుడుద్దామని తెచ్చిన గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. పద్దెనిమిది తెరిచాను. పంతొమ్మిది తెరిచాను. అన్నీ నున్నగా, శుభ్రంగా, ఎవరో శ్రద్ధగా తుడిచి సర్దినట్టున్నాయి. ఇరవయ్యో పెట్టెలో గీతలు ఎప్పటిలాగే ఉన్నాయి. అప్పుడు టైము ఏడున్నర. పదకొండింటికి ఈ రాళ్లు చూడటానికి పరిశోధన సంస్థ నుంచి మేడమ్ వస్తుంది.

ఇవి నేలలోకి బోరు దించి పైకి తీసిన రాతి కడ్డీలు. జానెడు జానెడు ముక్కలుగా పొడవాటి పెట్టెల్లో వరసగా ఉంటాయి. బయటికి తీయగానే ప్రతి ముక్క మీదా రెండు గీతలు గీసి పక్కన లోతు అంకె వేస్తారు. ఎరుపు కుడివైపు, నలుపు ఎడమవైపు వచ్చేలా పట్టుకుంటే పైభాగం పైకి ఉన్నట్టు. ఎందుకింత జాగ్రత్త అంటే, కింద గులకరాళ్లు, వాటి మీద అలలు సర్దిన ఇసుక, ఆ పైన నల్లటి బురద ఉంటే ఒకప్పుడు సముద్రం నేల మీదికి నడిచి వచ్చిందని అర్థం. వరస తిరగేస్తే అదే రాళ్లు సముద్రం వెనక్కి పోయిందని చెబుతాయి. గీతలు చెరిగి ముక్కలు కలిసిపోతే ఇక ఏమీ చెప్పవు.

ఈ మూడు పెట్టెల్లో ఒక తీరం ఉంది. మూడుసార్లు ముందుకొచ్చిన తీరం. అక్కడ తీరమే లేదని పుస్తకాలన్నీ రాశాయి. అది ఉందని నేను రాసి పంపిస్తే, రాళ్లను కళ్లారా చూసి ఒప్పుకుంటానని మేడమ్ జవాబిచ్చింది. ఒప్పుకుంటే వాళ్ల సంస్థలో రెండేళ్ల పరిశోధన ఉద్యోగం, వేరే ఊళ్లో, హాస్టల్లో ఒక గదితో సహా. నాకు నలభై నాలుగేళ్లు. ఇంకోసారి ఎవరూ అడగరు.

ఒకప్పుడు ఈ పెట్టెలు దాచే భూగర్భశాఖ గోదాములోనే నాకు ఉద్యోగం. అత్తయ్యకి ఆరోగ్యం చెడినప్పుడు, "ఇద్దరిలో ఎవరో ఒకరు ఇంటిపట్టున ఉండాలి కదా" అన్నారు మా ఆయన. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది ఎవరూ అడగలేదు, నేను కూడా. తర్వాత ఆఫీసువాళ్లు పాత పెట్టెలు పారేస్తున్నామంటే నలభై ఒకటి అడిగి తెచ్చుకుని కారు లేని మా కారుషెడ్డులో పేర్పించాను. ఆరేళ్లు. గిన్నెలకూ ఇంజెక్షన్‌కూ మధ్య అరగంట, బట్టలు ఆరేలోపు ఇంకో అరగంట. ఇంటికెవరొచ్చినా అత్తయ్య, "మా కోడలు రాళ్లు పెంచుకుంటోందండీ, గుడ్లు పెడితే మీకూ ఇస్తుంది" అనేది. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. టీ కప్పులు అందిస్తూ నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే మళ్లీ ఆ రోజంతా దానికి సంజాయిషీ.

పెట్టె మీదికి వంగితే వాసన తెలిసింది. స్పిరిట్. అత్తయ్య ఇంజెక్షన్‌కి రోజూ దూదితో అద్దేదే. ముందు ఆవిడ మీదికే పోయింది నా బుద్ధి. వెళ్లి అడిగాను. "నీ రాళ్లు నేను తుడవాలా? నా మోకాళ్లు వంగితే నా చెప్పులే నేను తొడుక్కుందును కదమ్మాయ్" అంది. నిజమే. ఈ పెట్టెలు కింది అరలో ఉంటాయి. బయటికి లాగాలంటే నాకే నడుము విరుగుతుంది. నిన్న మధ్యాహ్నం ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లింది నేను. ఎప్పుడూ ఆయనే తీసుకెళతారు. నిన్న మాత్రం తన మందుల షాపుకి సరుకొస్తుందన్నారు.

నలభై ఒక్క పెట్టెల్లో సరిగ్గా ఈ మూడే. ఆ పెట్టెల అంకెలు ఇంట్లో నేను చెప్పింది ఒక్కరికే. పోయిన నెల, భోజనాల దగ్గర. ఎండి బీటలు వేసిన బురదలో పగులు నోరు ఎప్పుడూ పైకే ఉంటుందనీ, కిందికి పోనుపోను సన్నబడుతుందనీ, పంతొమ్మిదో పెట్టెలో అలాంటిది దొరికిందనీ చెప్పాను. ఆయన ఫోను చూసుకుంటూ "ఊఁ" అన్నారు. విననివాడితో మాట్లాడుతున్నాననుకుని ఇంకా ధైర్యంగా అన్నీ చెప్పేశాను. పదహారేళ్ల కాపురంలో ఆయన నా మాట ఇంత శ్రద్ధగా విన్నది అప్పుడే.

మూడు పెట్టెల ముక్కలూ కలిపేసి ఉన్నాయి. మూడు గంటలు నేల మీద కూర్చుని సర్దాను. బీట ఉన్న ముక్క తలకిందులుగా ఉంది. దాన్ని తిప్పాను. ఇసుక పొరల వాలు చూసి ఇంకొన్ని తిప్పాను. అలలకి గవ్వ ముక్కలు బోర్లా పడతాయి, అలాంటివున్న రాళ్లూ కొన్ని దొరికాయి. కానీ పైకిందులు తెలిసినంత మాత్రాన దేని మీద ఏది ఉండాలో తెలియదు. మెత్తటి ఇసుకరాయి అంచులు అరిగిపోయాయి, ఒకదానికొకటి అతకడం లేదు. ఫోనులో ఫొటోలు మసక బల్బు కింద తీసినవి. గీతలు కనిపిస్తున్నాయి, అంకెలు కనిపించడం లేదు. మధ్యలో అత్తయ్య రెండుసార్లు టీకి, ఒకసారి ఫ్యాను తగ్గించడానికి పిలిచింది. లేచి వెళ్లి వచ్చాను. అరవై ఒక్క ముక్కల్లో పద్నాలుగు కుదిరాయి.

మేడమ్ చెప్పిన టైముకే వచ్చింది. జుట్టు నెరిసిన మనిషి. చీర కొంగు దోపుకుని నా పక్కనే నేల మీద కూర్చుంది. నా నోటుపుస్తకాలు తిప్పింది. ప్రతి బొమ్మ దగ్గరా ఆగింది. బీట ఉన్న రాయిని రెండు చేతులతో ఎత్తి వెలుతురులో చాలాసేపు చూసింది. ఏం జరిగిందని అడిగితే ఎవరో తుడిచేశారన్నాను. ఎవరని ఆవిడ అడగలేదు. షెడ్డు తలుపులోంచి కనిపించే వంటింటి వైపు ఒకసారి చూసింది.

"మీరు రాసింది నిజమని నాకు తెలుస్తోందమ్మా. కానీ మీ పుస్తకం చూసి రాళ్లు పేర్చి, ఆ రాళ్లు చూపించి పుస్తకం నిజమంటే కమిటీలో ఒప్పుకోరు" అంది.

మళ్లీ బోరు వేయించే వీలుందా అని అడిగాను. ఆ స్థలం మీద ఇప్పుడు కాలనీ కట్టేశారట. వెళ్లేటప్పుడు నా చేయి పట్టుకుంది. మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయింది.

రెండింటికి ఆయన భోజనానికొచ్చారు. వడ్డించాను. ఎందుకు వడ్డించానో అడిగితే చెప్పలేను, చేతులకి అలవాటు. ఎదురుగా కూర్చుని, ఆ మూడు పెట్టెల సంగతి అత్తయ్యకి తెలియదని మాత్రం అన్నాను. ఆయన బుకాయించలేదు. అన్నం కలుపుతున్న చేయి ఆపి, కంచంలోకే చూస్తూ చెప్పారు.

"నేనే చేశాను. నిన్న మీరెళ్లాక షాపు మూసేసి వచ్చాను. రెండు సీసాలు పట్టింది. మిగతా పెట్టెలు ముట్టుకోలేదు, అన్నీ పాడుచేయడమెందుకని. ముందు పారేద్దామనే అనుకున్నా. పారేస్తే వెతుకుతావు. కలిపేస్తే ఇక వెతకడానికేం ఉండదని నువ్వు చెప్పిందాన్నిబట్టే అర్థమైంది. కోపమొచ్చి చేయలేదు. అమ్మకి ఇంజెక్షన్ ఎవరిస్తారని కూడా కాదు, నర్సుని పెట్టుకోవచ్చు. రెండేళ్లే, వచ్చేస్తానన్నావు. నువ్వు అబద్ధం చెప్పావని నేననను. కానీ అక్కడ నీకో గది ఉంటుంది, తలుపు వేసుకుంటే ఎవరూ పిలవరు. అదొకసారి చూశాక ఈ ఇంటికి ఎవరొస్తారు? నీ స్థానంలో ఉంటే, నేనైతే రాను."